కేంద్రం ఎంతవరకు, కింది ప్రభుత్వాలు ఎంతవరకు: గీత ఎక్కడ గీయాలి?

సరిహద్దురాయి

అందరికీ నమస్కారం. ఈ విషయం మీద వాదన ఎప్పుడు మొదలైనా రెండు జట్లుగా చీలి అక్కడే ఆగిపోతోంది. ఒక జట్టు దేశం ముక్కలైపోతుందంటుంది, ఇంకో జట్టు అన్నీ పైనే లాక్కుంటున్నారంటుంది. ఇద్దరి భయమూ నిజమే. కాబట్టి కొంచెం లోపలికి వెళ్ళి మాట్లాడుకుందాం.

రాజ్యాంగంలోని జాబితాలు చూసి అధికారం ఎక్కడుందో తేల్చడం నాకు కుదరడం లేదు. భారత రాజ్యాంగంలో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడున్నాయి. విద్య మొదట రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి, అంటే ఇద్దరూ చట్టం చేయగలిగి, రెండూ ఢీకొంటే మామూలుగా కేంద్ర చట్టమే నిలిచే జాబితాలోకి వెళ్ళింది. బడులు నడిపే బరువు రాష్ట్రాల మీదే ఉండిపోయింది, చివరి మాట మాత్రం కేంద్రానికి దక్కింది.

అందుకే నేను ముందు రెండు సంగతులు చూస్తాను. ఆ పనికి కావలసిన డబ్బు ఎవరి చేతిలో ఉంది? ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవాలంటే పైవాళ్ళు ఎవరి ముందు కారణం చెప్పుకోవాలి? ఈ రెండూ తేలకుండా ‘స్వయంప్రతిపత్తి’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది నిలవదు. మీకు తెలిసిన దేశాల అనుభవాలు పెట్టండి.

లాంతరు

కేంద్రం చేతిలో ఏమీ లేకపోతే ఏమవుతుందో ముందు చూద్దాం. అమెరికా ఇప్పటి రాజ్యాంగం కంటే ముందు 1781 నుంచి ఇంకో ఏర్పాటు కింద నడిచింది. అందులో కాంగ్రెస్‌కు పన్ను వేసే హక్కే లేదు. యుద్ధపు అప్పులు తీర్చాలన్నా, సైనికులకు జీతాలివ్వాలన్నా రాష్ట్రాలను అడగాలి. అవి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దిగుమతుల మీద చిన్న సుంకం వేసుకుంటామని 1781లో ప్రతిపాదన పెడితే, 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలన్న నిబంధన వల్ల రోడ్ ఐలాండ్ ఒక్కటి కాదనడంతోనే ఆగిపోయింది. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు తిరగబడితే కాంగ్రెస్ దగ్గర పంపడానికి సరైన సైన్యం లేదు. మరుసటి ఏడాదే ఫిలడెల్ఫియాలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకున్నారు.

మీ మొదటి ప్రశ్న అటు కూడా వర్తిస్తుందండీ. సొంత డబ్బు లేని కేంద్రం కూడా కేంద్రం కాదు.

చివరిబెంచీ

లాంతరు గారూ, అది 18వ శతాబ్దం సంగతి. ఇప్పుడు చాలా దేశాల్లో కేంద్రానికి పన్నుల కరువు లేదు. ఇబ్బంది అంతా రెండో వైపే ఉంది.

బ్రిటన్‌నే చూడండి. లండన్ మహానగరానికి ఎన్నికైన గ్రేటర్ లండన్ కౌన్సిల్ ఉండేది. అక్కడి నాయకత్వానికి, ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వానికి పడలేదు. పార్లమెంటు మామూలు చట్టం ఒకటి చేసి 1986లో కౌన్సిల్‌నే ఎత్తేసింది. అంత పెద్ద నగరానికి మొత్తంగా ఎన్నికైన ప్రభుత్వం మళ్ళీ 2000లో గానీ రాలేదు. లండన్ ప్రజలను అడిగి రద్దు చేయలేదు. కోర్టుకు వెళ్ళినా లాభం లేదు, ఎందుకంటే అక్కడ పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం ఏ కోర్టుకూ లేదు.

పైవాళ్ళు దయతో ఇచ్చిన అధికారం వాళ్ళకు కోపం వచ్చేదాకానే ఉంటుంది.

పద్దులపుస్తకం

నేను ఒక చిన్న మునిసిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాను. పేర్లు వద్దు, జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

ఎండాకాలంలో మంచినీటి మోటారు కాలిపోయింది. కొత్తది కొనాలి. మా ఖాతాలో డబ్బుంది, కానీ అది పార్కుల అభివృద్ధి కోసం పైనుంచి వచ్చిన గ్రాంటు. ఆ పద్దులోంచి ఒక్క రూపాయి కూడా మోటారుకు మళ్ళించడానికి వీల్లేదు. జనరల్ ఫండ్ జీతాలకే చాలడం లేదు. కమిషనర్ ఎస్టిమేట్ వేయించి, అనుమతి కోసం పైఆఫీసుకు ఫైలు పంపారు. ఒకసారి కొర్రీ వేసి వెనక్కి పంపారు, సమాధానం రాసి మళ్ళీ పంపాం. ఈలోగా జనం ఊరుకోరు కదా, రోజూ ట్యాంకర్లు పెట్టాం. అత్యవసరం కింద ట్యాంకర్లకు వేరే అనుమతి అక్కర్లేదు. శాంక్షన్ వచ్చేసరికి ట్యాంకర్ల బిల్లులు మోటారు ఖరీదును దాటిపోయాయి.

ఇందులో ఎవరూ డబ్బు తినలేదు. ప్రతి ఒక్కరూ రూలు ప్రకారమే చేశారు. వార్డు కౌన్సిలర్‌ను జనం నిలదీస్తే ఆవిడ ఏం చెబుతుంది? సంతకం పెట్టే అధికారం ఆవిడకు లేదు, సంతకం పెట్టాల్సిన అధికారి ఎవరో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మీరు పెట్టిన రెండు ప్రశ్నలకు నేను మూడోది కలుపుతాను: పని ఆగిపోతే జనం ఎవరిని అడగాలి?

వేగుచుక్క

పద్దులపుస్తకం గారి మాట చదివాక కూడా నాకొక భయం పోలేదు. స్థానికం అనగానే మనకు ఎప్పుడూ మంచినీళ్ళు, వీధి దీపాలే గుర్తొస్తాయి. స్థానిక మెజారిటీ అక్కడున్న కొందరిని అణిచేస్తే?

స్విట్జర్లాండ్‌ను స్వపరిపాలనకు పెట్టింది పేరంటారు. అక్కడ మన రాష్ట్రాల్లాంటి కాంటన్లు 26 ఉన్నాయి. దేశవ్యాప్త ఎన్నికల్లో ఆడవాళ్ళకు ఓటు హక్కు రావడమే 1971లో. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్ ఆ తర్వాత కూడా తన సొంత వ్యవహారాల్లో ఆడవాళ్ళకు ఓటు ఇవ్వలేదు. అక్కడ ఏటా వసంతకాలంలో ఓటర్లంతా ఊరి నడిబొడ్డున బహిరంగంగా గుమిగూడి చేతులెత్తి ఓటేస్తారు. మగవాళ్ళు నడుముకు కట్టుకొచ్చే కత్తే ఓటరు గుర్తింపు కింద చెల్లేది. 1990 ఏప్రిల్‌లో ఆ మగవాళ్ళే ఇంకోసారి చేతులెత్తి ఆడవాళ్ళకు ఓటు వద్దన్నారు. అదే ఏడాది నవంబరులో ఫెడరల్ సుప్రీంకోర్టు కలగజేసుకుని, రాజ్యాంగం ప్రకారం వాళ్ళకు ఓటు ఇచ్చి తీరాలని తీర్పు చెప్పింది.

అమెరికాలో 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్ళో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలను హైస్కూలులోకి రానివ్వకుండా అర్కాన్సా రాష్ట్ర గవర్నర్ తన చేతికింది సాయుధ దళం నేషనల్ గార్డ్‌ను దించాడు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపితేగానీ ఆ పిల్లలు లోపలికి వెళ్ళలేకపోయారు. ‘రాష్ట్రాల హక్కులు’ అన్న మాటను అక్కడ తరతరాలుగా ఎవరి మీద వాడారో మరిచిపోవద్దు. మనిషి ప్రాథమిక హక్కులను ఏ ఊరి మెజారిటీకీ వదిలేయకూడదు. ఈ ఒక్కచోట నేను రాజీ పడను.

చివరిబెంచీ

వేగుచుక్క గారూ, కేంద్రం ఎప్పుడూ మైనారిటీలను కాపాడే వైపే ఉంటుందనుకోలేం కదా. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో కాలంలో కాటలాన్, బాస్క్ భాషలను ప్రభుత్వ వ్యవహారాల్లోంచి, బడుల్లోంచి వెళ్ళగొట్టింది కేంద్రమే. అందుకే 1978 రాజ్యాంగంలో ప్రాంతాలకు అంత చోటు ఇవ్వాల్సి వచ్చింది. దేశం మొత్తం మీద మైనారిటీ అయినవాళ్ళు ఒక ప్రాంతంలో మెజారిటీ అయి ఉంటారు. వాళ్ళకు ఆ ప్రాంతీయ ప్రభుత్వమే రక్షణ.

వేగుచుక్క

ఆ మాట ఒప్పుకుంటాను. నేను చెప్పిన రెండు సందర్భాల్లోనూ రాజ్యాంగం ఉంది, కోర్టు తీర్పు ఉంది. లిటిల్ రాక్‌లో కూడా బడి తెరవాలని ముందు కోర్టులే చెప్పాయి, సైన్యం ఆ తర్వాతే వచ్చింది. మంత్రిగారి ఇష్టప్రకారం దిగిన కేంద్రాన్ని నేను సమర్థించడం లేదు.

తూకంరాయి

డబ్బు సంగతి కొంచెం లెక్కలతో మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు పోరాటం అక్కడే.

భారత్‌లో 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చినప్పుడు రాష్ట్రాలు తమ చేతిలోని పన్నులు చాలావరకు కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కలిసి కూర్చునే జీఎస్‌టీ మండలికి అప్పగించాయి. మండలిలో కేంద్రం ఓటు విలువ మూడో వంతు. రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతులు, అది అన్నిటికీ సమానంగా పంచుతారు. నిర్ణయం గెలవాలంటే హాజరైనవాళ్ళ ఓట్లలో నాలుగింట మూడొంతులు రావాలి. అంటే రాష్ట్రాలన్నీ ఒక్కమాట మీదున్నా 66.7 శాతం దాటలేవు, కేంద్రం లేకుండా ఏదీ గెలవదు. అదే కేంద్రానికైతే తన మూడో వంతుకు తోడు, 31 మంది రాష్ట్ర సభ్యులూ (28 రాష్ట్రాలు, శాసనసభలున్న మూడు కేంద్రపాలిత ప్రాంతాల వాళ్ళు) హాజరైతే, 20 మంది మద్దతు కావాలి. 12 మంది ఎదురు తిరిగితే కేంద్రమూ ఆగిపోవాల్సిందే. రెండు వైపులా అడ్డుకునే శక్తి ఉంది, కానీ కేంద్రానికి ఒంటరిగా ఉంది, రాష్ట్రాలకు గుంపుగా ఉంటేనే ఉంది. మండలి సిఫార్సులు చట్టసభలను కట్టడి చేయవని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దేశమంతటికీ ఒకే పన్ను అన్నాక ఒక రాష్ట్రం విడిగా నడవడం ఆచరణలో కష్టం.

ఇంకోటి. పన్నుల పంపకం ఎలా ఉండాలో సిఫార్సు చేసే 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం వాటా అంది. వినడానికి బాగుంది. అయితే ఆ 41 శాతం పంచాల్సిన మొత్తంలోంచే. పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ మొత్తంలోకి రావు, అవి కేంద్రానివే. పన్ను రేటు పెంచకుండా సెస్సు వేస్తే వచ్చిన డబ్బులో రాష్ట్రాలకు వాటా ఉండదు. శాతం ఎంతో చెప్పి ఊరుకుంటే సరిపోదు, దేనిలో శాతమో కూడా రాజ్యాంగంలోనే కట్టుదిట్టం చేయాలి.

లాంతరు

తూకంరాయి గారూ, లెక్క చక్కగా విప్పారు. కింది ప్రభుత్వాలకు సొంత డబ్బు ఇస్తే సొంత అప్పు భారమూ వాళ్ళదే కావాలి. అమెరికాలో 1840లలో కాలువలు, రైల్వేలు, బ్యాంకుల కోసం విపరీతంగా అప్పులు చేసి ఎనిమిది రాష్ట్రాలు, ఫ్లోరిడా ప్రాంతం చేతులెత్తేశాయి. ఆ అప్పులు నెత్తిన వేసుకోవడానికి కాంగ్రెస్ ఒప్పుకోలేదు. తర్వాత చాలా రాష్ట్రాలు తమంతట తామే తమ రాజ్యాంగాల్లో అప్పులకు పరిమితులు రాసుకున్నాయి. బ్రెజిల్‌లో ఇందుకు పూర్తిగా వేరే కథ నడిచింది. అక్కడ రాష్ట్రాలకు సొంత బ్యాంకులుండేవి, ఆ బ్యాంకులే ప్రభుత్వానికి అప్పులిచ్చేవి. మునిగినప్పుడల్లా కేంద్రం ఆదుకుంది. ఆదుకుంటుందని తెలిసిన కొద్దీ అప్పు పెరిగింది. చివరికి 2000లో బాధ్యతాయుత ఆర్థిక నిర్వహణ చట్టం చేసి అన్ని స్థాయుల ప్రభుత్వాల ఖర్చుకూ కళ్ళెం వేయాల్సి వచ్చింది.

పద్దులపుస్తకం

కేంద్రం, రాష్ట్రం అంటూ అక్కడే తిరుగుతున్నాం. నాలాంటి వాడికి రాష్ట్ర రాజధాని కూడా కేంద్రమేనండీ!

1992లో 73, 74వ సవరణలు వచ్చాయి. పంచాయతీలకు 29 అంశాలు, మునిసిపాలిటీలకు 18 అంశాలు షెడ్యూళ్ళలో రాశారు. అయితే వాటిలో ఎన్ని అప్పగించాలో, ఏ పన్నులు వేసుకోనివ్వాలో రాష్ట్ర శాసనసభకే వదిలేశారు. ఢిల్లీ మా అధికారాలు లాక్కుంటోందని గొంతెత్తే రాష్ట్రాలే తమ కింది సంస్థలకు ఇవ్వాల్సింది ఇవ్వవు. కేరళ ఒక దారి చూపించింది. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. ముందు డబ్బు ఇచ్చేసి, ఖర్చు చేయడం పని చేస్తూ నేర్చుకోమంది. ‘వాళ్ళకు చేతకాదు, నేర్చుకున్నాక ఇద్దాం’ అని కూర్చుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు.

నిలువుగీత

మధ్య మెట్టును కావాలనే దాటేసిన దేశం ఇండొనేషియా. ఏళ్ళ తరబడి పాలించిన అధ్యక్షుడు సుహార్తో 1998లో దిగిపోయాక అంతవరకు జకార్తా నుంచే నడిచిన దేశంలో 1999లో చట్టాలు చేసి 2001 నుంచి అధికారాలను దించారు. రాష్ట్రాలకిస్తే విడిపోతాయేమోనని భయపడి ఎక్కువ భాగం నేరుగా జిల్లాలకు, నగరాలకు ఇచ్చారు. 20 లక్షలకు పైగా ఉద్యోగులు కేంద్రం జాబితాలోంచి ప్రాంతీయ ప్రభుత్వాల కిందికి మారారు. దేశం విడిపోలేదు. కాకపోతే కొత్త జిల్లాలు పుట్టుకొచ్చాయి, అవినీతి కూడా జకార్తా నుంచి జిల్లాలకు పాకింది. ఒక్కో జిల్లా చిన్నది కాబట్టి కేంద్రానికి ఎదురు నిలిచే బలం ఏ ఒక్కదానికీ లేదు. ఇది మంచో చెడో మీరే చెప్పండి. నా మట్టుకు నాకు మధ్యలో గట్టి మెట్టు ఒకటి ఉండాలి.

సరిహద్దురాయి

ఎంత బాగా చెప్పారండీ అందరూ! మోటారు సంగతి మాత్రం వదలబుద్ధి కావడం లేదు. అందులోనే నాకు కావలసింది దొరికింది.

ఫ్రాన్స్‌ను మించిన కేంద్రీకృత దేశం యూరప్‌లో అరుదు. 1800లో నెపోలియన్ ప్రతి జిల్లా మీదా ప్రిఫెక్ట్ అనే కేంద్ర అధికారిని కూర్చోబెట్టాడు. దాదాపు రెండు శతాబ్దాల పాటు స్థానిక మండళ్ళ నిర్ణయాల మీద ఆయనదే పెత్తనం. 1982లో చట్టం మార్చారు. స్థానిక మండలి నిర్ణయం ముందే అమల్లోకి వస్తుంది. అది చట్టవిరుద్ధమని ప్రిఫెక్ట్‌కు అనిపిస్తే పరిపాలనా న్యాయస్థానానికి వెళ్ళాలి, తనంతట తాను రద్దు చేయలేడు. ప్రిఫెక్ట్ పదవి పోలేదు, తనిఖీ పోలేదు. ముందస్తు అనుమతి పోయింది. పద్దులపుస్తకం గారి మునిసిపాలిటీకి ఈ నియమం ఉండి ఉంటే మోటారు ముందు కొనేవారు, తప్పుంటే ఆడిట్‌లోనో కోర్టులోనో తేలేది.

నాకు కావలసిన కేంద్రం ఇలాంటిది. ప్రమాణాలు పెట్టనివ్వండి, లెక్కలు అడగనివ్వండి, వేగుచుక్క గారు చెప్పినట్టు హక్కుల కోసం కోర్టు ద్వారా రానివ్వండి. కానీ ఎన్నికైన కింది ప్రభుత్వం ప్రతి పనికీ పైకి చూస్తూ నిలబడకూడదు.

తూకంరాయి

మరి పేద ప్రాంతాల మాటేమిటి సరిహద్దురాయి గారూ? సొంత పన్నులంటే సంపన్న ప్రాంతాలు ఎగిరి గంతేస్తాయి. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతం, నవర్రా తమ పన్నులు తామే వసూలు చేసుకుని కేంద్రానికి ఇంత అని కడతాయి. రెండూ సంపన్న ప్రాంతాలే. అలాంటి ఏర్పాటు తమకూ కావాలని కాటలోనియా అడగడం, దొరక్కపోవడం అక్కడి అసంతృప్తిలో పెద్ద భాగం. అన్ని సంపన్న ప్రాంతాలకూ అదే ఇస్తే మిగతా దేశానికి ఎవరు పెడతారు?

కెనడా ఏర్పాటు నాకు నచ్చింది. ఇంచుమించు ఒకే స్థాయి పన్నులతో ఇంచుమించు ఒకే స్థాయి సేవలు ప్రతి ప్రావిన్సూ ఇవ్వగలగాలని 1982 రాజ్యాంగ చట్టం 36వ సెక్షన్‌లో రాసుకున్నారు. ఒక ప్రావిన్సు పన్ను రాబట్టుకునే శక్తి సగటు కంటే ఎంత తక్కువో లెక్క కట్టి కేంద్రం తన ఆదాయంలోంచి ఇస్తుంది. దాన్ని ఏ పద్దు కింద ఖర్చు పెట్టాలో చెప్పదు. పార్కుకిచ్చాం, మోటారుకు వాడకండి అనే మాటే రాదు.

చివరిబెంచీ

కాగితం మీద శాతం రాసుకున్నా డబ్బు వేళకు రాకపోతే? కెన్యా 2010 రాజ్యాంగం 47 కౌంటీలను పెట్టి, జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం వాటికి ఇవ్వాలంది. డబ్బు ఆలస్యమైనప్పుడు కౌంటీల్లో జీతాలు ఆగుతున్నాయి. వైద్యం కౌంటీల చేతికి వచ్చాక జీతాలు, నియామకాల గొడవలు ముదిరాయి. 2016 డిసెంబరులో మొదలైన ప్రభుత్వ డాక్టర్ల సమ్మె 100 రోజులు సాగింది. అప్పటి నుంచి వైద్యాన్ని మళ్ళీ కేంద్రానికి ఇచ్చేయమనే గొంతులు గట్టిగానే వినిపిస్తున్నాయి. వేళకు డబ్బు పంపకుండా ఉండి, ఆ తర్వాత ‘చూశారా, వాళ్ళకు చేతకాలేదు’ అనడం చాలా అన్యాయం.

నిలువుగీత

నా ప్రశ్న ఒకటి మిగిలింది. స్థానిక ప్రభుత్వం నిజంగానే కుప్పకూలితే? నీళ్ళు రావు, జీతాల్లేవు, లెక్కల్లేవు. అప్పుడు కూడా కోర్టులు, తర్వాతి ఆడిట్లు అంటూ కూర్చుంటామా?

సరిహద్దురాయి

కూర్చోకూడదు. కానీ దిగినవాళ్ళు ఎప్పుడు బయటికి వెళ్ళాలో దిగేముందే రాసి ఉండాలి.

భారత్‌లో 356 అధికరణం కింద రాష్ట్రపతి పాలన వందకు పైగా సార్లు విధించారు. 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. మెజారిటీ ఉందో లేదో సభలోనే తేల్చాలి, పార్లమెంటు ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదు, కారణాలు సరైనవో కావో కోర్టు చూడగలదు అంది. ఆ తర్వాత ఆ అధికరణం వాడకం బాగా తగ్గింది. అధికరణంలో అక్షరం మారలేదు, కారణం చెప్పాల్సిన చోటు ఏర్పడింది, అంతే.

దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో 139వ సెక్షన్ మీ ప్రశ్నకే రాసినట్టుంటుంది. మునిసిపాలిటీ తన బాధ్యత నెరవేర్చకపోతే ప్రావిన్సు ప్రభుత్వం ఆ పనిని తన చేతిలోకి తీసుకోవచ్చు. 14 రోజుల్లోపు కేంద్ర మంత్రికి, ప్రావిన్సు శాసనసభకు, పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రావిన్సుల జాతీయ మండలికి రాతపూర్వకంగా తెలపాలి. 180 రోజుల్లో జాతీయ మండలి ఆమోదం రాకపోతే దిగిపోవాలి. ఇంత ఉన్నా అక్కడ మునిసిపాలిటీలన్నీ బాగుపడిపోలేదు, మళ్ళీ మళ్ళీ జోక్యం చేసుకోవాల్సిన ఊళ్ళున్నాయి. అయినా అడగకుండా వచ్చి ఏళ్ళ తరబడి పాతుకుపోవడం కుదరదు.

పద్దులపుస్తకం

ఈ గడువు మా వరకు రావాలండీ. పంచాయతీ అయినా మునిసిపాలిటీ అయినా ఐదేళ్ళు నిండేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంలో ఉంది. అయినా ఏదో ఒక సాకుతో వాయిదా పడుతూ ప్రత్యేక అధికారుల పాలన నడుస్తుంటుంది. నేనూ అలాంటి కాలంలో పనిచేశాను. వచ్చిన అధికారి మంచివాడే, ఫైళ్ళు చకచకా కదిలేవి, ఆఫీసులో మా అందరికీ టెన్షన్ తగ్గింది. కానీ డ్రైనేజీ పొంగితే రాత్రిపూట తలుపు తట్టడానికి వార్డులో ఎవరూ లేరు. జనం కాగితం రాసుకుని ఆఫీసు వేళల్లో వచ్చి, ఇన్‌వార్డులో ఇచ్చి, నంబరు వేయించుకుని వెళ్ళేవాళ్ళు. కౌన్సిలర్ ఉన్నప్పుడు తిట్టి మరీ పని చేయించుకున్నవాళ్ళే.

వేగుచుక్క

ఎన్నిక వాయిదా వేసినవాళ్ళనే ఆ వాయిదాకు కారణం చెప్పమని నిలబెట్టే చోటు కావాలి. కోర్టుకు వెళ్ళొచ్చు, నిజమే. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు, గడువులోగా ఎన్నికలు జరపాల్సిందేనని రాష్ట్ర ఎన్నికల సంఘాలకు స్పష్టంగా చెప్పింది కూడా. కానీ అక్కడిదాకా వెళ్ళే స్తోమత ఎంతమందికి ఉంటుంది? గడువు దాటితే ప్రత్యేక అధికారి సంతకానికి విలువ దానంతటదే పోవాలి. అప్పుడు ఎన్నికలు పెట్టమని ఎవరూ ఎవరినీ బతిమాలక్కర్లేదు.